చిత్తూ, చెత్తా: బీజగణితం నేర్చిన కంప్యూటర్ల కథ

తెలుగులో చిత్తు అనీ, చెత్త అనీ రెండు మాటలున్నాయి. వినడానికి తోబుట్టువుల్లా ఉంటాయి కాని అర్థాలు వేరు. చిత్తు అంటే అసలు జవాబు కోసం పక్కన వేసుకునే లెక్క. చెత్త అంటే ఇక ఎవరికీ అక్కరలేనిది. లెక్క తేలేదాకా చిత్తు విలువైనదే. తేలిన మరుక్షణం అది చెత్త. ఆ మరుక్షణం వచ్చిందని చెప్పేదెవరు? మనిషికి ఇది చాలా చిన్న ప్రశ్న. కంప్యూటర్లకి మాత్రం అరవై ఏళ్ళకి పైబడి ఎందరో మేధావుల బుర్రలు తిన్న ప్రశ్న.

ఇలాంటి ప్రత్యేక సంచికల్లో రాజుల చరిత్రలూ, దేవాలయాల చరిత్రలూ చదవడం మనకి అలవాటు. ఈసారి మార్పు కోసం ఒక చెత్తబుట్ట చరిత్ర చెబుతాను. ముక్కు మూసుకోనక్కరలేదు. ఇందులో మహానుభావులు చాలామందే ఉన్నారు.

అంకెల యంత్రానికి అక్షరాలు నేర్పితే

నేను వృత్తిరీత్యా మెకానికల్ ఇంజనీరుని. యంత్రాల కీళ్ళు ఎలా కదులుతాయో సమీకరణాలు రాసుకోవడం నా పని. కంప్యూటరు అనగానే అంకెల లెక్కలే గుర్తుకొస్తాయి చాలామందికి. అంకెల లెక్కలో ఒక సుఖం ఉంది. రెండు సంఖ్యల్ని గుణిస్తే వచ్చేది మళ్ళీ ఒక సంఖ్యే. దాన్ని అంతే చోటున్న గదిలో పెట్టేయవచ్చు.

కాని తొమ్మిదో తరగతిలో మనం చేసిన బీజగణితం సంగతి వేరు. ఎ, బి, సి, డి అనే నాలుగు అక్షరాలని కూడి, ఆ మొత్తాన్ని ఇరవయ్యో ఘాతానికి హెచ్చించి విస్తరిస్తే 1771 పదాలొస్తాయి. నిర్ధారకం, అంటే డిటర్మినెంటు, లెక్క మరీ ఘోరం. అయిదు వరుసలు, అయిదు నిలువులు ఉన్న చోట అక్షరాలే నింపి విస్తరిస్తే 120 పదాలు. పది వరుసలైతే 36,28,800 పదాలు. ప్రశ్న అరచేతిలో పడుతుంది, జవాబు ఊరంతా పరుచుకుంటుంది. ఎంత చోటు కావాలో ముందుగా చెప్పలేకపోవడమే ఈ విద్యలోని అసలు చిక్కు.

1958 వేసవి

జాన్ మెకార్తీ అనే గణిత శాస్త్రజ్ఞుడు 1958 వేసవిలో ఐబీఎం సంస్థలో పనిచేస్తూ ఒక చిన్న సమస్య ఎత్తుకున్నాడు. బీజగణిత సమాసాలకి కంప్యూటరు చేత అవకలనం చేయించాలి. అంకెలతో కాదు, ఇంటర్మీడియట్‌లో మనం చేసినట్టే అక్షరాలతో. సూత్రం చూస్తే చాలా అందంగా ఉంది. మొత్తానికి అవకలనం కావాలంటే ఒక్కొక్క భాగానికి అవకలనం చేసి కూడితే సరి. లబ్ధానికి ఇంకో సూత్రం. నాలుగు పంక్తుల్లో ప్రోగ్రాము రాసేయవచ్చు.

చిక్కల్లా దారిలో పుట్టే ముక్కలతోనే వచ్చింది. ఒక్కొక్క అడుగులో తాత్కాలికంగా సమాసాలు తయారవుతాయి, పని తీరాక అక్కడే పడి ఉంటాయి. యంత్రం చూస్తే చిన్నది. ఆనాటి ఐబీఎం 704 యంత్రంలో జ్ఞాపకశక్తి గరిష్ఠంగా 32,768 పదాలు, ఒక్కొక్క పదానికి 36 బిట్లు. ఈనాటి లెక్కలో అది దాదాపు 1,47,000 బైట్లు. మీ అమ్మాయి ఫోనులో తీసిన ఒక్క ఫోటో అందులో పట్టదు.

ముక్క పనికిరాకుండా పోయినప్పుడల్లా "దీన్ని చెరిపెయ్యి" అని ప్రోగ్రాములోనే రాయడం ఒక దారి. కాని అలా రాస్తే నాలుగు పంక్తుల సూత్రం కాస్తా చెరుపుడు ఆజ్ఞల మధ్య ముక్కలైపోతుంది. అందమైన నిర్వచనాన్ని అలా పాడుచేయడం తనకి ఇష్టం లేకపోయిందని మెకార్తీ తరవాత రాసుకున్నాడు. ఆ వేసవిలో మరో దారి తోచలేదు. ఆ తరవాత ఎంఐటీలో లిస్పు అనే భాషని తయారుచేస్తున్నప్పుడు తోచింది. 1960లో అచ్చయిన ప్రసిద్ధ వ్యాసంలో ఆ పద్ధతి వర్ణించాడు. "గార్బేజ్ కలెక్షన్" అనే మాట మాత్రం ఆ వ్యాసంలో లేదు, అది ప్రయోగశాలలో వాళ్ళలో వాళ్ళు అనుకునే మాట. నేను చెత్త ఏరివేత అంటాను.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఈనాడు జావా, పైథాన్ లాంటి భాషల్లో ప్రోగ్రాములు రాసే మన పిల్లలెవరూ చెత్త గురించి ఆలోచించరు, అది దానంతటదే పోతుంది. ఆ సౌకర్యం పుట్టింది బ్యాంకుల కోసమూ కాదు, వీడియో ఆటల కోసమూ కాదు. కాలేజీ కుర్రాడి అవకలనం లెక్క కోసం.

భోగి పద్ధతి

మెకార్తీ ఉపాయం మన భోగి పండగ లాంటిది. ఏడాదంతా ఇంట్లో సామాను చేరనిస్తాం. చోటు చాలనప్పుడు ఒక రోజు పనులన్నీ ఆపి ఇల్లంతా తిరుగుతాం. ఇంకా వాడుతున్న ప్రతి వస్తువుకీ ఒక సున్నపు బొట్టు పెడతాం. ఆ తరవాత బొట్టు లేనివన్నీ మంటలోకి. యంత్రం కూడా అంతే. ప్రోగ్రాము చేతిలో ప్రస్తుతం ఉన్న పేర్ల దగ్గర మొదలుపెట్టి, దారి ఉన్నంత మేరా నడిచి, చేరుకోగలిగిన ప్రతి ముక్కకీ గుర్తు పెడుతుంది. ఎవరూ ఏ దారినా చేరుకోలేని ముక్క చెత్త. ఆ చోటు తిరిగి ఖాళీ జాబితాలో చేరుతుంది.

ఆ ఖాళీ జాబితాలో మొదట సుమారు 15,000 పదాలుండేవని మెకార్తీ రాశాడు. ఒక్కసారి ఏరడానికి కొన్ని సెకన్లు పట్టేదట. అంచేత ప్రతిసారీ కనీసం కొన్ని వేల పదాలైనా దొరక్కపోతే యంత్రం లెక్క మానేసి చెత్త ఏరుతూనే ఉంటుందని కూడా హెచ్చరించాడు. చోటు నిండుకుంటున్న కొద్దీ ఊడ్చే పని పెరుగుతుంది, దొరికే చోటు తగ్గుతుంది. ఈ హెచ్చరిక ఈనాటికీ చెల్లుతుంది.

1960, 1961 ప్రాంతంలో జరిగిన ఒక ప్రదర్శన గురించి మెకార్తీ చెప్పిన ముచ్చట చాలా సరదాగా ఉంటుంది. ఎంఐటీకి ఆసరాగా ఉన్న పరిశ్రమల పెద్దలు ఒక గదిలో కూర్చుని టెలివిజన్ తెర మీద లిస్పుని చూస్తున్నారు. సెకనుకి పది అక్షరాలు కొట్టే టైపు యంత్రం. అంతా సవ్యంగా సాగుతుండగా ఉన్నట్టుండి ఆ యంత్రం, చెత్త ఏరేవాడిని పిలిచామనీ, ఆసక్తికరమైన గణాంకాలు ఇవిగో అనీ టకటకా కొట్టడం మొదలుపెట్టింది. ఏరివేత అప్పటికి కొత్త, వాళ్ళకది ముద్దు, అందుకని జరిగినప్పుడల్లా పేజీడు లెక్కలు అచ్చువేసేలా పెట్టుకున్నారు. ముందు జరిగిన అభ్యాసంలో జాగా సగం ఖర్చయిందని ఎవరికీ తోచలేదు. పెద్దలు పగలబడి నవ్వారు. ప్రదర్శనకి సమయం మిగల్లేదు.

ఈ మెకార్తీ తరవాత స్టాన్‌ఫర్డ్ వెళ్ళాడు. అక్కడ ఆయన దగ్గర 1966లో డాక్టరేటు పుచ్చుకున్నవారిలో ఒకరు, చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన మన రాజ్ రెడ్డి గారు. గురువుకి 1971లో ట్యూరింగ్ బహుమానం వస్తే, శిష్యుడికి 1994లో వచ్చింది. రెడ్డి గారి కృషి మాటలని గుర్తుపట్టే యంత్రాల మీద, చెత్త మీద కాదు. అయినా బంధుత్వం చెప్పుకోవడం మన ఆచారం కదా!

కాలిన్స్ రెండు వైపుల నుంచీ

అదే 1960లో జార్జి కాలిన్స్ అనే గణితవేత్త ఇంకో పద్ధతి ప్రకటించాడు. భోగి దాకా ఆగడం దేనికి? ప్రతి ముక్క నుదుట, దాన్ని ఎంతమంది వాడుకుంటున్నారో ఒక అంకె రాసి ఉంచుదాం. వాడేవాడు ఒకడు పెరిగితే ఒకటి కలుపు, తగ్గితే ఒకటి తీసెయ్యి. సున్నా కాగానే పారెయ్యి. లెక్క మధ్యలో ఆగనక్కరలేదు. దీనికీ ఒక లోపముంది. పెళ్ళయి నెలైనా వెళ్ళని చుట్టాలిద్దరిని చూడండి. ఆయనున్నాడని ఈయనా, ఈయనున్నాడని ఆయనా. ఒకదాన్నొకటి పట్టుకున్న ముక్కల అంకె ఎన్నటికీ సున్నా కాదు. వాటి కోసం మళ్ళీ భోగి చేయవలసిందే.

కాలిన్స్ గొప్పతనం అక్కడితో ఆగలేదు. చెత్త ఎలా తీయాలి అన్న ప్రశ్న పక్కనే, అసలింత చిత్తు ఎందుకు పుట్టాలి అన్న ప్రశ్న కూడా వేశాడు. రెండు బహుపదుల గ.సా.భా. కనుక్కునే లెక్క తీసుకోండి. భాగహారం, శేషం, మళ్ళీ భాగహారం. యూక్లిడ్ నాటి పద్ధతే. డొనాల్డ్ నూత్ 1969లో వెలువరించిన గ్రంథంలో ఒక ఉదాహరణ ఇచ్చాడు. ఒకటి ఎనిమిదో ఘాతపు బహుపది, రెండోది ఆరో ఘాతపుది, గుణకాల్లో 21ని మించింది లేదు. జవాబు 1, అంటే రెండింటికీ ఉమ్మడి భాజకమేదీ లేదు. భిన్నాలు రాకుండా మామూలుగా భాగించుకుంటూ పోతే చివర వచ్చే సంఖ్యకి 35 అంకెలు! జవాబు ఒకటి, దానికి చిత్తు కొండంత. ఈ వ్యాధికి ఆంగ్లంలో మధ్యంతర వాపు అని అర్థం వచ్చే పేరు పెట్టారు. మన డాక్టరు మిత్రులకి ఆ పేరు నచ్చుతుంది.

కాలిన్స్ 1967లో చూపించిన దారి ఇది: ఆ పెద్ద సంఖ్యల్లో ఎప్పటికప్పుడు తీసివేయగల కారణాంకాలు దాగి ఉంటాయి, అవి ఏవో ముందుగానే తెలుసు. వాటిని ప్రతి అడుగులోనూ తీసేస్తే పై ఉదాహరణలో చివరి సంఖ్య 2,60,708. ముప్ఫయి అయిదు అంకెల చోట ఆరు అంకెలు. ఆ తరవాత 1971లో డబ్ల్యు. ఎస్. బ్రౌన్ ఇంకో మెట్టు ఎక్కాడు. సంఖ్యలని 13 లాంటి చిన్న ప్రధాన సంఖ్యతో భాగించి, శేషాలతోనే లెక్క చేయడం. అప్పుడు ఏ గుణకమూ 12 దాటదు. పై ఉదాహరణలో 13 ఒక్కటీ చాలు. జవాబు పెద్దదైతే కొన్ని ప్రధాన సంఖ్యలతో విడివిడిగా చేసి, శేషాల నుంచి అసలు సంఖ్యని రాబట్టాలి. శేషాల నుంచి సంఖ్యని పట్టుకునే ఈ విద్య మనకి కొత్త కాదు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోని కుట్టకం ఇలాంటి లెక్కకే.

ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే. చెత్త ఊడ్చేవాడూ, చెత్త పుట్టకుండా చూసేవాడూ ఒక్కడే కావడం.

గది చాలక ఇల్లు కట్టిన వైనం

ఎంఐటీలో 1968లో మాక్సిమా అనే పెద్ద బీజగణిత వ్యవస్థకి నాంది పలికారు. కార్ల్ ఎంగెల్‌మన్, విలియం మార్టిన్, జోయెల్ మోజెస్ దీనికి ఆద్యులు. సమాకలనం మొదలుకొని ఎన్నో విద్యలు నేర్పారు దానికి. ఇంతలో ప్రోగ్రామే లావెక్కిపోయింది. వాళ్ళ పీడీపీ-10 యంత్రంలో ఒక ప్రోగ్రాముకి కనబడే జాగా 2,62,144 పదాలు, అంటే మన లెక్కలో పన్నెండు లక్షల బైట్లకి లోపే. వంటసామానే ఇల్లంతా ఆక్రమిస్తే వండుకునే చోటేదీ?

ఇందులోంచి రెండు దారులు పుట్టాయి. ఎంఐటీ వారు 1970లలో లిస్పు కోసమే ప్రత్యేకంగా యంత్రాలు కట్టారు. రెండోది కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో. అక్కడి ఆచార్యుడు రిచర్డ్ ఫేట్‌మన్ మాక్సిమాని పెద్ద జాగాలో నడపాలని వ్యాక్స్ అనే కొత్త యంత్రం తెప్పించడానికి పూనుకున్నాడు. అది 1978లో వచ్చింది. దానిమీద నడిచే యూనిక్స్‌కి డిస్కుని కూడా జ్ఞాపకశక్తిగా భ్రమింపజేసే సదుపాయం లేదు. ఓజల్ప్ బాబోగ్లూ అనే విద్యార్థి, బిల్ జాయ్‌తో కలిసి దాన్ని చేర్చాడు. 1979 చివర విడుదలైన ఆ బర్క్‌లీ యూనిక్స్ సంతతి తరవాత ప్రపంచమంతా పాకింది. మూలాలు వెతికితే అందులోనూ బీజగణితమే!

జాగా పెరగగానే కొత్త బాధ. సామాను సగం డిస్కు మీదుంటే, బొట్టు పెట్టడానికి ఇల్లంతా తిరిగే మనిషి గోదాముకి కూడా నడవాలి. ఏరివేత నిమిషాల తరబడి సాగేది. దానికి మందు 1983లో ఎంఐటీలో లీబర్‌మన్, హ్యూవిట్ చెప్పారు, 1984లో బర్క్‌లీలో డేవిడ్ అంగర్ చేసి చూపించాడు. పుట్టిన ముక్కల్లో అధికభాగం పుట్టిన కాసేపటికే చెత్తవుతాయి. కొంతకాలం బతికినవి ఇంకా చాలాకాలం బతుకుతాయి. కాబట్టి కొత్తవాటిని ఒక చిన్న గదిలో ఉంచి ఆ గదినే తరచు ఊడ్చు, పాతవాటి జోలికి ఎప్పుడో గాని పోకు. ఈనాటి భాషల్లో చాలావాటికి ఆధారం ఈ సూత్రమే.

పేదవాడి బీజగణితం

అంతంత యంత్రాలు అందరికీ ఎక్కడివి? కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయంలో కీత్ గెడ్డెస్, గాస్టన్ గోనెట్ అనే ఇద్దరు 1980 చివర ఈ ప్రశ్నే వేసుకున్నారు. ఒక తరగతి పిల్లలందరూ ఒకేసారి వాడుకోగలిగేంత చిన్నదిగా ఉండాలని మేపుల్ మొదలుపెట్టారు. నడుమ ఉండే కేంద్రభాగం చిన్నది. తక్కినది అవసరమైనప్పుడే తెచ్చుకుంటుంది. పైగా ఒకే సమాసం పదిచోట్ల వస్తే పది ప్రతులు దాచదు. ఒక్క ప్రతి ఉంచి పదిచోట్లా దాన్నే చూపిస్తుంది. హవాయిలో డేవిడ్ స్టౌట్‌మైర్, ఆల్బర్ట్ రిచ్ ఇంకా ముందుకి పోయి, 1970ల చివర చిన్నారి మైక్రో కంప్యూటర్ల మీదే మ్యూమ్యాథ్ నడిపించారు. దాని వారసుడు డిరైవ్ 1988లో వచ్చింది, ఒక్క ఫ్లాపీలో పట్టేది.

భౌతికశాస్త్రజ్ఞుల దారి మరొకటి. మార్టినస్ వెల్ట్‌మన్ 1963లో స్కూన్‌స్కిప్ అనే ప్రోగ్రాము రాశాడు. డచ్చి నుడికారంలో ఆ పేరు చిందరవందరగా ఉన్నదాన్ని శుభ్రం చేయడాన్ని సూచిస్తుంది. ఆయనకి 1999లో నోబెల్ బహుమానంలో వాటా దక్కింది. ఆ బాటలోనే యోస్ వెర్మాసెరెన్ 1989లో ఫారమ్ అనే వ్యవస్థ విడుదల చేశాడు. సమాసం జ్ఞాపకశక్తిలో పట్టకపోయినా ఫరవాలేదు. పదాలని ఒకదాని తరవాత ఒకటిగా డిస్కు మీదినుంచి తెచ్చి, పని చేసి, క్రమంలో పేర్చి తిరిగి డిస్కు మీదే పెడుతుంది. అల్మరాలో పట్టని ధాన్యాన్ని గాదెలో పోసి, కుంచం కుంచం కొలిచినట్టు.

ఇదంతా ఎందుకు

నేను ఈ దేశం వచ్చిన కొత్తలో ఒక కంపెనీలో ఆరు కీళ్ళున్న యంత్రహస్తపు సమీకరణాలు రాబట్టే పని ఉండేది. శుక్రవారం సాయంత్రం యంత్రానికి అప్పజెప్పిన లెక్క సోమవారం ఉదయానికి జ్ఞాపకశక్తి నిండిపోయిందన్న ఒక్క వాక్యం చెప్పి ఊరుకుంది. అప్పట్లో మా విభాగంలో అందరూ ఇంకా పెద్ద యంత్రం కొనమని అడుగుతున్నారు. రిటైర్మెంటుకి దగ్గర పడిన ఒక పెద్దాయన మాత్రం, విస్తరించడం మానేసి, మళ్ళీ మళ్ళీ వచ్చే ముక్కలకి పేర్లు పెట్టుకుంటూ పొమ్మన్నాడు. రెండు రోజుల్లో ఆ సమీకరణాలు కొద్ది పేజీల్లోకి వచ్చాయి. పెద్ద యంత్రం కొనలేదు.

ఇప్పుడు మన బల్లమీది కంప్యూటరుకి జ్ఞాపకశక్తి కోట్లకొద్దీ బైట్లు. ఇక చెత్తతో పనేమిటి అనిపిస్తుంది. పదిహేను వరుసల నిర్ధారకాన్ని విస్తరిస్తే లక్షా ముప్ఫయి వేల కోట్లకి పైగా పదాలు. పదానికి ఒక్క బైటు చొప్పున వేసినా ఇంటి కంప్యూటరులో పట్టదు. జాగా రెట్టింపు చేస్తే ఒక వరుస కూడా పెరగదు. ఈ విద్యలో సంపద కంటె పొదుపే ఎక్కువ దూరం తీసుకుపోతుంది.

కాలేజీలో ఈ వ్యవస్థలు వాడే పిల్లలకి ఒక మాట. 1988లో వచ్చిన మ్యాథమాటికా మీరు రాబట్టిన ప్రతి జవాబునీ మీరు కాదనేవరకు గుర్తుంచుకునేలా తయారైంది. పాత జవాబుకి దారి ఉన్నంతకాలం అది చెత్త కాదు. ఏ ఏరివేతా దాన్ని ముట్టుకోదు. యంత్రం నెమ్మదించినప్పుడు తప్పు దానిదనుకోకుండా, మీరు ఇంకా ఏమేం పట్టుకుని కూర్చున్నారో చూసుకోండి.

నా మటుకు ఈ చరిత్రలో ఒక్క సూత్రం పదేపదే మనసులో మెదులుతుంది. గుర్తులు పెట్టే ఆ యంత్రం ఒక ముక్క పాతదా, కొత్తదా, విలువైనదా అని అడగదు. దాన్ని చేరుకునే దారి ఎవరికైనా ఉందా అన్నదొక్కటే అడుగుతుంది. ఉంటే ఉంటుంది, లేకపోతే పోతుంది. ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలకి చిత్తు అన్న మాట తెలియదు. ఆ మాటకి ఏమీ కాలేదు, నిఘంటువులో భద్రంగానే ఉంది. మన ఇళ్ళలో దానికి దారి తెగింది, అంతే. ఈ పండగకి పిల్లలని దగ్గర కూర్చోబెట్టుకుని, ఒక లెక్క వేస్తూ, కాగితం పక్కన గీత గీసి ఆ మాట ఒకసారి రాసి చూపించండి. దారి మళ్ళీ పడడానికి అంత చాలు.